పాలపండ్లు మొదలు ముదిమి వరకు: దంతపరిశోధన ప్రజలకేమి చెప్పుచున్నది?

దంతముల విషయమున తెలుగునాట రెండు మాటలు తరతరములుగా వినబడుచున్నవి. పసిబిడ్డ పన్ను పుచ్చినప్పుడు ఇంటిలోని పెద్దలు, "పాలపన్నేగదా, ఎట్లును ఊడిపోవునదే" యందురు. అరువదియేండ్లు దాటినవారి పండ్లు కదలినప్పుడు, "వయస్సు మీరినది, పండ్లు ఊడక యుండునా" యందురు. మొదటి మాట బిడ్డను వైద్యునికడకు పోనీయదు. రెండవ మాట వృద్ధుని పోనీయదు. ఈ రెండు వయస్సుల నడుమనున్నవారు నొప్పి భరింపరానిదైనప్పుడు మాత్రమే వైద్యుని తలుపు తట్టుదురు. అప్పటికి చాలమారులు పన్ను తీసివేయుట దక్క వేరు మార్గముండదు.

ఈ మాటలు అనుభవమునుండి పుట్టినవే. కన్నులయెదుట నిత్యము జరుగుచున్నది అనివార్యమని తలచుట మనుష్యస్వభావము. మశూచిని గూర్చియు ఒకప్పుడట్లే తలచిరి. 1975 తరువాత ఆ వ్యాధి ఈ దేశమున కానరాలేదు. దంతవ్యాధుల విషయమునను, గత నూరు సంవత్సరములలో వేలాది సామాన్యజనుల నోళ్లను ఏండ్ల తరబడి ఓర్పుతో పరీక్షించిన ఫలితముగా, పై రెండు మాటలును తప్పని తేలినది. నోటిజబ్బులలో అధికభాగము నివారింపదగినవే. అయితే ఆ పరిశోధన మరియొక పాఠమును కూడ నేర్పినది. ఒక వయస్సున మేలు చేసినది మరియొక వయస్సున కీడు చేయవచ్చును. ఒక దేశమున పనికివచ్చినది మరియొక దేశమున పనికిరాకపోవచ్చును. కావున ప్రతి వయస్సునకును, ప్రతి ప్రాంతమునకును తగిన పరిశోధన వేరుగా జరుగవలెను. ఈ పాఠమును ప్రజలును ప్రభుత్వములును ఇంకను పూర్తిగా గ్రహింపవలసియున్నది.

వ్యాధి యెంత వ్యాపించియున్నది?

ప్రపంచమున సుమారు 350 కోట్లమంది ఏదో యొక నోటిజబ్బుతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది. మనదేశమున 2002-03 సంవత్సరములలో భారత దంతవైద్య మండలి ఆధ్వర్యమున దేశవ్యాప్తముగా నోటి ఆరోగ్య సర్వే జరిగినది. దాని ప్రకారము 5 ఏండ్ల పిల్లలలో నూటికి సుమారు 52 మందికి పిప్పిపండ్లున్నవి. 12 ఏండ్లవారిలో సుమారు 54 మందికిని, 15 ఏండ్లవారిలో 63 మందికిని, 35 నుండి 44 ఏండ్ల నడుమ వారిలో 80 మందికిని, 65 నుండి 74 ఏండ్ల నడుమ వారిలో 85 మందికిని ఈ వ్యాధి కలదు.

ఈ అంకెలను పైపైన చూచినవారు, వయస్సుతోపాటు పండ్లు చెడుట సహజమే యనవచ్చును. అట్లనుట పొరపాటు. జ్వరము వచ్చి పోవును. పుచ్చు లోతుగా వచ్చిన పన్ను తిరిగి పూర్వమువలె కాజాలదు. ఐదవయేట పాడైన పన్ను, పదునైదవయేట పాడైన పన్ను, నలువదవయేట పాడైన పన్ను ఒకే ఖాతాలో జమయగుచుండును. ముసలితనమున కనబడునది ఆ వయస్సు చేసిన నష్టము కాదు. డెబ్బదియేండ్లుగా పేరుకొనిన అశ్రద్ధ. కావున ఈ అంకెలలో మిక్కిలి కలవరపరచవలసినది చివరి అంకె కాదు, మొదటిది. బడిలో చేరకముందే సగముమంది పిల్లల పండ్లు పుచ్చియున్నవి.

ఒకే ఖనిజము, రెండు ఫలితములు

వయస్సును స్థలమును విడిచి దంతముల గూర్చి మాటలాడరాదనుటకు ఫ్లోరైడు చరిత్రను మించిన నిదర్శనము లేదు. ఆ చరిత్రలో తెలుగుసీమకు గొప్ప స్థానము కలదు.

1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు అప్పటి మద్రాసు రాజధానికి చేరిన నెల్లూరు జిల్లా గ్రామములలో ఒక వింత వ్యాధిని వర్ణించిరి. పిల్లల పండ్లపై సుద్దవంటి తెలుపును, గోధుమరంగు మచ్చలును కనబడినవి. ఆ గ్రామములలోనే చిరకాలము కాపురమున్న పెద్దలలో వెన్నెముక బిగిసి నడుము వంగుట కష్టమైనది. కారణము త్రాగు బావినీటిలోని అధిక ఫ్లోరైడు అని తేలినది. 1955లో నల్లగొండ జిల్లాలోని ఇట్టి వ్యాధిని గూర్చియు శాస్త్రపత్రికలో వివరణ వెలువడినది.

ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో ట్రెండ్లీ డీన్ అను దంతశాస్త్రజ్ఞుడు అనేక పట్టణముల పిల్లల పండ్లను పరీక్షించి, నీటిలో ఫ్లోరైడు స్వల్పముగా నున్నచోట పిప్పిపండ్లు తక్కువయని కనుగొనెను. దానినిబట్టి 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరమున లీటరు నీటికి సుమారు 1 మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడును కలుపసాగిరి. ఆ తరువాత పుట్టిన పిల్లలలో పుచ్చు సగమునకు మించి తగ్గినది.

ఆ ఫలితమునే ప్రమాణముగా గైకొని నల్లగొండ నీటిలోను ఫ్లోరైడు కలిపియుండినచో ఏమగును? అక్కడ కలుపవలసిన పదార్థమును ఇక్కడ తీసివేయవలసి వచ్చినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకమున పటిక, సున్నము, బ్లీచింగు పౌడరులతో నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించినప్పుడు, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. నేడు మనదేశపు ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రామును మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే అంగీకార్యము.

ఇందు వయస్సు ప్రాముఖ్యము కూడ గమనింపదగినది. పండ్లపై మచ్చలు పడుట, చిగుళ్లలోపల శాశ్వతదంతముల పైపొర తయారగుచున్న కాలమున, అనగా పుట్టుక మొదలు సుమారు ఎనిమిదియేండ్ల వరకు, అధిక ఫ్లోరైడు కడుపులోనికి పోవుటవలన కలుగును. ఆ వయస్సు దాటినవాని ముందరిపండ్లకు కొత్తగా ఆ మచ్చలు రావు. ఎముకల ప్రమాదము మాత్రము ఏ వయస్సునందైనను తప్పదు. దంతములను తోముటలో పైపూతగా తగులు కొద్దిపాటి ఫ్లోరైడు మాత్రము పిల్లలకును పెద్దలకును రక్షణ నిచ్చును. డెబ్బది పరీక్షల ఫలితములను ఒకచోట చేర్చి 2003లో పరిశీలింపగా, ఫ్లోరైడు పేస్టు వాడిన పిల్లల శాశ్వతదంతములలో కొత్త పుచ్చు నూటికి 24 వంతులు తగ్గినట్లు తెలిసినది. అందుచేతనే మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టును, మూడు మొదలు ఆరేండ్ల వరకు బఠాణీగింజంత పేస్టును మాత్రమే వాడి, మ్రింగకుండ ఉమ్మించుట మంచిదని దంతవైద్యులు చెప్పుదురు. ఫ్లోరైడు పీడిత గ్రామములలోనివారు చిన్నపిల్లల విషయమున వైద్యుని సలహా తీసికొనుట అవసరము.

పసితనము: ఊడిపోవు పన్నుకు ఇంత శ్రద్ధ యేల?

బిడ్డకు ఆరవ నెల ప్రాంతమున మొదటి పన్ను మొలచును. మూడేండ్లు నిండునప్పటికి 20 పాలపండ్లు వచ్చును. ఇవి తరువాత రానున్న పండ్లకు చోటు కాచియుంచును. పాలదవడపన్ను పుచ్చి ముందుగా ఊడినచో ప్రక్కపండ్లు జరిగి ఆ చోటును ఆక్రమించును. శాశ్వతదంతము వంకరగా వచ్చును. నొప్పితో నమలజాలని బిడ్డ తిండి తినడు, నిద్రపోడు.

తల్లిదండ్రులు తరచుగా పొరబడు విషయము మరియొకటి కలదు. ఆరవయేట పాలపండ్ల వెనుకభాగమున, ఏ పన్నును ఊడకయే, ఒక పెద్ద దవడపన్ను మొలచును. ఏ పన్నును ఊడలేదు గనుక దానిని కూడ పాలపన్నే యనుకొందురు. అది జీవితాంతము ఉండవలసిన పన్ను. దాని నమలు భాగముపై సన్నని లోతైన గాడులుండుటచే ఆహారము ఇరుకుకొని త్వరగా పుచ్చును. ఆ గాడులను రెసిను పూతతో మూసివేసినచో పుచ్చు తగ్గునని పిల్లలపై జరిగిన పరీక్షలు చూపినవి. ఈ పూతకు రంపము లేదు, సూది లేదు, నొప్పి లేదు. కాని ఆ పన్ను మొలచిన కొలదికాలములోనే వేయవలెను. పదియేండ్లు జాగు చేసినచో అవకాశము దాటిపోవును.

తీపిపదార్థములకును పుచ్చునకును గల సంబంధమును రూఢిగా నిరూపించిన పరిశోధన స్వీడను దేశమున విపెహోల్మ్ అను వైద్యాలయమున 1945లో ఆరంభమై, 1954లో ప్రకటింపబడినది. అచ్చటి 436 మంది రోగులకు వేరువేరు విధములుగా తీపి పెట్టి చూచిరి. భోజనముతోపాటు పంచదార తినినవారిలో పుచ్చు స్వల్పముగానే పెరిగినది. భోజనముల నడుమ, పండ్లకంటుకొను టాఫీలు తినినవారిలో అది విపరీతముగా పెరిగినది. తీపి యెంత తినిరనుటకంటె ఎన్నిమారులు, ఏ రూపమున తినిరనుట ముఖ్యమని దీనివలన స్పష్టమైనది. రాత్రి తీపిపాల సీసాను నోటనుంచి బిడ్డను నిద్రపుచ్చుటయు, దుకాణమునుండి వచ్చుచు పోవుచు చాక్లెట్టు చేతికిచ్చుటయు ఏల ప్రమాదకరమో ఈ పరిశోధన వెల్లడించినది. ఆ జ్ఞానమును సంపాదించిన విధము మాత్రము ప్రశంసింపదగినది కాదు. ఆ సంగతి ముందు వచ్చును.

నడివయస్సు: చిగుళ్లు మొరపెట్టవు

పిప్పిపన్ను నొప్పిచే తన ఉనికిని తెలుపును. చిగుళ్లజబ్బు అట్లు తెలుపదు. తోముకొనునప్పుడు కొంచెము రక్తము కనబడును. నోరు వాసన వచ్చును. పన్ను కదలువరకు మనుష్యుడు పట్టించుకొనడు.

1965లో డెన్మార్కున హరాల్డ్ లో అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పండ్రెండుగురు ఆరోగ్యవంతులను దంతధావనము మానివేయుడని కోరిరి. పది మొదలు ఇరువదియొక్క దినములలో అందరి చిగుళ్లును వాచినవి. తిరిగి తోముకొన నారంభింపగా సుమారొక వారములో బాగుపడినవి. పండ్లపై పేరుకొను పాచియే చిగుళ్ల వాపునకు మూలమనియు, దానిని తొలగించుట ప్రతి మనుష్యుని చేతిలోని పనియనియు ఇంత స్వల్పకాలములో రుజువైనది.

అయితే మూడువారముల పరీక్ష ముప్పదియేండ్ల కథను చెప్పజాలదు. ఆ కథ పొరుగుననున్న శ్రీలంకలో తెలియవచ్చినది. దంతధావనపు అలవాటును, దంతవైద్య సదుపాయమును లేని 480 మంది తేయాకుతోట కూలీలను 1970 మొదలు 1985 వరకు మరల మరల పరీక్షించిరి. అందరి పండ్లపైనను పాచి, గార సమృద్ధిగా నుండెను. అయినను నూటికి సుమారు 8 మందిలో జబ్బు వేగముగా ముదిరి నడివయస్సుననే పండ్లూడినవి. 81 మందిలో నెమ్మదిగా పెరిగినది. 11 మందిలో చిగుళ్ల వాపును దాటి ముందుకు పోలేదు. అనగా అందరికిని ముప్పు సమానము కాదు. ఆ ఎనిమిదిమందిని యౌవనముననే గుర్తించి ఆదుకొనుట నేటి పరిశోధనకు మిగిలిన పెద్దపని.

గర్భిణుల విషయమున పరిశోధన మరియొక విధముగా ఉపకరించినది. చిగుళ్లజబ్బు గల తల్లులకు నెలలు నిండకయే కాన్పగుట యెక్కువయని గమనించి, చిగుళ్లకు చికిత్స చేసినచో అట్టి కాన్పులు తగ్గునని పలువు రాశించిరి. అమెరికాలో 823 మంది గర్భిణులపై జరిపిన పరీక్షా ఫలితము 2006లో వెలువడినది. చికిత్సవలన చిగుళ్లు బాగుపడినవి. తల్లికిగాని బిడ్డకుగాని హాని కలుగలేదు. కాని నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. ఆశించినది నెరవేరలేదు గనుక ఈ పరీక్ష వ్యర్థమనరాదు. "కడుపుతోనున్న స్త్రీకి పంటివైద్యము కూడదు" అను భయమును అది తొలగించినది; లేని ప్రయోజనమును చూపి చికిత్సను అమ్మజూచువారికి అడ్డు నిలిచినది.

అడ్డపొగ నేర్పిన పాఠము

ఉత్తరాంధ్ర తీరమున, చుట్ట వెలుగుచున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, చిరకాలముగా నున్నది. దీనిని అడ్డపొగ యందురు. 1960 దశకమున బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతపరిశోధన విభాగమువారు, డాక్టరు ఫలీ మెహతా నాయకత్వమున, ఇల్లిల్లు తిరిగి గ్రామీణుల నోళ్లను పరీక్షించిరి. గుజరాతులోని భావనగరు, కేరళలోని ఎర్నాకుళము, ఆంధ్రప్రదేశములోని శ్రీకాకుళము, అప్పటి బీహారులోని సింగ్‌భూము, దర్భంగా జిల్లాలలో మొత్తము 50,915 మందిని చూచిరి. నోటి క్యాన్సరును, దానికి ముందుగా కనబడు మార్పులును దాదాపుగా పొగాకు వాడువారిలోనే యున్నవని తేలినది. శ్రీకాకుళమున, ఇతరచోట్ల అరుదైన అంగిలి క్యాన్సరు అడ్డపొగ త్రాగువారిలో కానవచ్చినది. నిప్పు ఎక్కడ తగిలినదో వ్యాధియు అక్కడనే పుట్టినది.

వారు అంతటితో నిలువలేదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకదారులను ఏటేట కలిసి, అలవాటు మానుమని నచ్చజెప్పుచు నోళ్లను పరీక్షించుచు వచ్చిరి. 1986లో వారు ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఇట్లు బోధింపబడినవారిలో పొగాకు మానినవారును తగ్గించినవారును అధికమైరి. క్యాన్సరునకు పూర్వరూపములైన మార్పులు కొత్తగా పుట్టుటయు తగ్గినది. చిరకాలపు అలవాటును గ్రామస్థులు మానలేరను అభిప్రాయము సరికాదని ఇందువలన తెలిసినది.

కేరళలో తిరువనంతపురము జిల్లాలోని 13 పంచాయతీలలో 1996లో మరియొక పెద్ద పరీక్ష ఆరంభమైనది. కొన్ని పంచాయతీలలో 35 ఏండ్లు దాటినవారి నోళ్లను శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, మంచి వెలుతురున కంటితో చూచి అనుమానితులను వైద్యునికడకు పంపిరి. 2005లో ప్రకటించిన ఫలితములనుబట్టి, పొగాకు లేక మద్యము అలవాటుగల వారిలో నోటిక్యాన్సరు మరణములు నూటికి 34 వంతులు తగ్గినవి. జనులందరిని కలిపి చూచినప్పుడు తగ్గుదల అంత నిశ్చయముగా రుజువుకాలేదు. కావున ఎవరి నోరు, ఏ వయస్సున చూడవలెనో ఈ పరీక్ష నిర్దేశించినది. దీనికి వలసినది ఖరీదైన యంత్రము కాదు. వెలుతురు, శిక్షణ, ఓర్పు. గుట్కా, ఖైనీ, జర్దాకిళ్లీ చేతికందుచున్న యీ కాలమున, నోటిలో మానని పుండుగాని తెల్లమచ్చగాని యెర్రమచ్చగాని రెండువారములకు మించి యున్నచో వెంటనే చూపించుకొనుట ప్రతివానికిని విధి.

వార్ధక్యము: విడువబడిన వయస్సు

వృద్ధుల నోటిని గూర్చి మన ఇండ్లలో మాట్లాడువారు తక్కువ. మెత్తని అన్నము పెట్టుటతో సేవ ముగిసినదని తలచెదరు. జపానులో పదునొకండు వృద్ధాశ్రమములలో జరిపి 1999లో ప్రకటించిన పరిశోధన ఇట్టివారి కన్నులు తెరపింపదగినది. ఒక వర్గమువారికి ప్రతి భోజనము తరువాత నోరు శుభ్రపరచిరి; రెండవ వర్గమువారు యథాప్రకారముండిరి. రెండేండ్లలో మొదటి వర్గమున నూటికి 11 మందికి న్యుమోనియా రాగా, రెండవ వర్గమున 19 మందికి వచ్చినది. నోటిలోని మురికి ఊపిరితిత్తులలోనికి జారుటయే దీనికి ముఖ్యకారణము. మంచమునబడిన తల్లికి నోరు తుడుచుట మర్యాదకొరకు చేయు పని యని తలచినవారికి, అది ప్రాణరక్షణయని ఈ పరిశోధన తెలుపుచున్నది.

ఆ దేశముననే 1989లో, 80 ఏండ్ల వయస్సున 20 సొంతపండ్లు నిలుపుకొనుట యను లక్ష్యముతో ఒక ప్రచారోద్యమము ఆరంభమైనది. ఒక జాతి ముసలితనమునకు పండ్లులేమి తప్పదని యొప్పుకొనక, సంఖ్యతో లక్ష్యమును నిర్ణయించుకొనుట గమనింపదగినది. వృద్ధులకు మధుమేహముండుట సామాన్యము. మధుమేహము చిగుళ్లను చెరచును, చెడిన చిగుళ్లు మధుమేహమును అదుపు తప్పించును. అనేక మందులవలన లాలాజలము తగ్గి, చిగుళ్లు క్రిందికి జారిన పండ్ల వేళ్లకడ పుచ్చు పట్టును. ఇవి యౌవనమున లేని సమస్యలు. యువకులపై చేసిన పరీక్షలు వీనికి సమాధానము చెప్పజాలవు.

రెండు ఆక్షేపణలు

ప్రాణాంతక వ్యాధులు ఇన్నియుండగా పండ్లకై ధనము వ్యయము చేయుట తగునాయని కొందరడుగుదురు. నోటిక్యాన్సరు ప్రాణాంతక వ్యాధియే. మనదేశపు పురుషులలో మిక్కిలి తరచుగా వచ్చు క్యాన్సరులలో అది యొకటి. మిగిలిన నోటిజబ్బులకు చికిత్స ఖరీదైనది, నివారణ చవుకయైనది. బీదదేశము ఖరీదైనదానిని విడిచి చవుకయైనదానిని ఎన్నుకొనుటయే వివేకము.

మన పూర్వులు వేపపుల్లతోనే తోముకొని గట్టిపండ్లతో జీవించిరిగదా యని మరికొందరందురు. పుల్లతో శ్రద్ధగా తోముటవలన పాచి పోవును; అందు సందేహము లేదు. కాని పూర్వులు దినమునకు పదిమారులు తీపి తినలేదు. నేడు ప్రపంచమున పంచదారను అత్యధికముగా వాడు దేశము భారతదేశమే. ఆహారము మారినప్పుడు పాత రక్షణ ఒక్కటే చాలదు. వేపపుల్లయైనను, కొత్త పేస్టయినను, ప్రకటనలనుబట్టిగాక పరీక్షనుబట్టియే మంచిచెడ్డలు నిర్ణయింపబడవలెను.

పరిశోధన ఎట్లుండవలెను?

దంతవైద్య కళాశాలకు తమంతట తాము వచ్చినవారిని మాత్రమే పరీక్షించి దేశమంతటికి సూత్రములు చెప్పుట సులభము, కాని సరికాదు. నొప్పి ముదిరినవారు, పట్టణవాసులు, రాకపోకల ఖర్చు భరింపగలవారు మాత్రమే అచ్చటికి వత్తురు. బడికి పోని పసివారు, కూలిపోగొట్టుకొని రాలేని స్త్రీలు, మంచమువిడువని వృద్ధులు ఆ లెక్కలో చేరరు. శ్రీకాకుళమునకును తిరువనంతపురమునకును గౌరవము వచ్చినది, పరిశోధకులు గ్రామస్థుల గడపకు పోవుటచేతనే. 2014లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమువంటి ప్రయత్నములు సఫలములగుటకు, అంగన్‌వాడీలోను, బడిలోను, పొలములోను, వృద్ధులున్న ఇంటిలోను నిజమైన స్థితి ఏమియో ముందు తెలియవలెను.

అంతకుమించి, పరీక్షకు లోనగువారి గౌరవమును కాపాడవలెను. విపెహోల్మ్ రోగులు మానసిక వైకల్యము గలవారు. సమ్మతి నీయగల స్థితిలో వారు లేరు. పండ్లు పాడగునని తెలిసియు వారికి తీపి పెట్టిరి. ప్రపంచమంతయు ఆ జ్ఞానముచే లాభపడినది. నష్టపడినది మాత్రము తమ పక్షమున మాటలాడువారు లేని ఆ అభాగ్యులు. జబ్బు ముదురుచున్నవారిని ఏండ్ల తరబడి చూచుచు లెక్కలు వ్రాసికొను పరిశోధనలు సయితము, ఆ చూడబడినవారికి దక్కిన సహాయమేమియను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. ఇట్టి అన్యాయము మరల జరుగరాదను ఉద్దేశముతోనే నేటి నియమములు ఏర్పడినవి. మనదేశమున 2007లో క్లినికల్ పరీక్షల రిజిస్టరు నెలకొల్పిరి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నీతినియమముల ప్రకారము, పిల్లలపై పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతియే చాలదు. ఏడేండ్లు దాటిన బిడ్డ యిష్టమును కూడ అడుగవలెను.

ఈ నియమములకు తోడుగా మరి రెండు మర్యాదలు పాటింపదగును. పరిశోధన ముగిసిన పిమ్మట దాని ఫలితమును ఆ గ్రామస్థులకే ముందుగా, వారి భాషలో తెలుపవలెను. అనుకూలించిన ఫలితమువలెనే అనుకూలింపని ఫలితమును కూడ ప్రకటింపవలెను. నోరు తెరచి చూపిన మనుష్యుడు చేసినది దానము. దానమునకు లెక్క చెప్పుట పుచ్చుకొనినవారి ధర్మము.

ప్రజలకును బాధ్యత కలదు. సర్వే చేయువారు గడపకు వచ్చినప్పుడు, "పంటి సంగతి యెందుకులే" యని పంపివేయరాదు. ఉద్దేశమేమి, మేలేమి, కీడేమి, వద్దనుటకు హక్కున్నదాయని నిర్భయముగా అడుగవలెను; తృప్తికరమగు సమాధానము వచ్చినచో సహకరింపవలెను. నేడు ఒక అవ్వ నోరు చూపుటవలన రేపు ఆమె మనుమరాలికి సరియైన వైద్యమేదో తెలియును.

పాలపన్ను ఊడిపోవునదే, కాని అది ఊడవలసిన వేళకు ఊడవలెను, దానికి ముందు బిడ్డను ఏడిపింపరాదు. వయస్సు మీరుట సహజమే. కాని అన్నము నమలుకొని తినుట, మనుమలతో నిండుగా నవ్వుట ఆ వయస్సున కూడ మనుష్యునికి దక్కవలెను. ఈ రెండును సాధ్యములని పరిశోధన రుజువు చేసినది. రుజువైన దానిని ప్రతి గడపకు చేర్చుట ప్రభుత్వముల పని. చేరినదానిని ఆచరించుట ప్రతి కుటుంబము పని.